విశాఖలో హోటల్ హాల్ నగల ఎగ్జిబిషన్: స్టాల్ పెట్టినవాళ్ల వైపు నుంచి రివ్యూ

శ్రావణమాసం ముందు విశాఖలో హోటల్ హాళ్లలో జరిగే చీరలు, నగల ఎగ్జిబిషన్ల గురించి కొనడానికి వెళ్లినవాళ్లు చాలామంది రాస్తారు. అద్దె కట్టి, రెండు రోజులు టేబుల్ వెనక నిలబడినవాళ్లు రాసింది నాకైతే ఎక్కడా కనపడలేదు. చేత్తో నగలు చేసుకుని అమ్మే మనలాంటివాళ్లు స్టాల్ బుక్ చేసే ముందు అడగాల్సినవి చాలా ఉంటాయి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. నిర్వాహకుల పేరు మాత్రం రాయను. నేను చెప్పే లోపాలు వాళ్ల ఒక్క షోలోనే లేవు, ఈ ఊళ్లో జరిగే ప్రైవేటు షోలు చాలావాటిలో ఇంతే.

ముందు మార్కులు ఇచ్చేస్తా. ఆ రెండు రోజుల అమ్మకాలు మాత్రమే చూసుకుంటే అయిదుకి మూడు. షాపులవాళ్ల పరిచయాలు, హోల్‌సేల్ ఆర్డర్లు చూసుకుంటే నాలుగున్నర. ఈ రెండు మార్కులూ వేర్వేరు అని స్టాల్ పెట్టే ప్రతివాళ్లూ ముందే తెలుసుకోవాలి. సాయంత్రం గల్లాపెట్టె లెక్క చూసుకుని "షో పోయింది" అని డీలా పడిపోయేవాళ్లని ప్రతి షోలోనూ చూస్తున్నా, నాకు నిజంగా బాధేస్తుంది.

నేను చేసేది ఏటికొప్పాక లక్క పూసలతో జుంకాలు, దండలు, గాజులు. ఎలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రని తిప్పుడు చట్రం మీద పెట్టి చెక్కుతారు. కర్ర తిరుగుతుండగానే రంగు లక్క కడ్డీని ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది, ఆ పైన మొగలి ఆకుతో మెరుగు పెడతారు. పసుపు, నీలిమందు, జాఫరా గింజలు, ఇంకా ఆకులు, బెరళ్ల నుంచి తీసిన రంగులు వాడతారు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ రంగుల పని మీద ఏళ్ల తరబడి కృషి చేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. నేను అక్కడ పూసలు, బుట్టల ఆకారాలు చేయించుకుని, ఇంట్లో తీగ, కొక్కేలు, ముత్యాలు కలిపి నగ కడతాను. మా తోటికోడలు ప్యాకింగ్, లెక్కలు చూస్తుంది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, షో మంచిదా కాదా అన్నది మీరు అమ్మే సరుకుని బట్టి మారిపోతుంది. రాళ్లు పొదిగిన వన్ గ్రామ్ గోల్డ్ అమ్మేవాళ్లకి ఇదే షో ఇంకోలా అనిపించొచ్చు.

స్టాల్ అంటే ఆరడుగుల టేబుల్, రెండు కుర్చీలు, ఒక ప్లగ్ పాయింట్. రెండు రోజులకి అద్దె తొమ్మిది వేలు. లైట్లు, అద్దం స్టాండు, అదనపు కుర్చీ విడిగా అడిగితే ఎనిమిది వందలు. బుకింగ్ అప్పుడు "అన్నీ కలిపే" అన్నారు, హాల్లోకి వెళ్లాక లైట్ల డబ్బులు వేరే అన్నారు. డబ్బు పెద్దది కాదు, చెప్పిన తీరు బాగాలేదు. ఏవేవి కలిపి ఎంత అన్నది వాట్సాప్‌లో రాతగా తెప్పించుకున్నాకే అడ్వాన్సు పంపండి.

లైట్ల సంగతి మాత్రం తేలిగ్గా వదిలేసేది కాదు. హాల్లో పైన ఉన్నవి తెల్ల ఎల్ఈడీలు. ఆ వెలుతురులో లక్క రంగులు చప్పగా కనిపిస్తాయి, జాఫరా ఎరుపు ఇటుక రంగులోకి పోతుంది, నీలం నల్లగా కనిపిస్తుంది. మేం ఇంటి నుంచి తెచ్చిన రెండు చిన్న పసుపు లైట్లని టేబుల్‌కి రెండు వైపులా క్లిప్పులతో బిగించి, కాంతి ఏటవాలుగా పూసల మీద పడేలా తిప్పాం. అంతవరకు చూసుకుంటూ పోతున్నవాళ్లు ఆగడం మొదలెట్టారు. లక్కకి ఉండే మెరుపు పైనుంచి పడే వెలుగులో తెలీదు, పక్కనుంచి పడితేనే ఆ గుండ్రటి అంచు మీద గీతలా మెరుస్తుంది. ఇలాంటి సరుకు అమ్మేవాళ్లు ఎవరైనా సరే లైట్లు సొంతంగా తీసుకెళ్లండి, హాలువాళ్ల మీద వదిలేయొద్దు. అలాగే అద్దం ఒకటి చాలదు. ఒకావిడ అద్దం పట్టుకుని చూసుకుంటూ ఉంటే వెనకున్న ఇద్దరు ఆగరు, వెళ్లిపోతారు.

స్టాల్ ఎక్కడిచ్చారన్నది అద్దె కన్నా ముఖ్యం. మాకు ఇచ్చింది లోపలి వరస, భోజనాల హాలుకి వెళ్లే తలుపు పక్కన. మధ్యాహ్నం జనం బాగానే నడిచారు, కానీ వాళ్లు ప్లేట్ల వైపు నడిచేవాళ్లు. గుమ్మం దగ్గర మూల స్టాల్ ఉన్నవాళ్లకి రెండు వైపుల నుంచీ గిరాకీ. మూల స్టాల్‌కి వెయ్యో రెండు వేలో ఎక్కువ అడిగినా ఇచ్చేయండి, అది దండగ కాదు. ఇంకో సంగతి, "నగల స్టాళ్లు నాలుగే" అని చెప్పి అంతకు రెట్టింపు పెట్టారు. అందులో సగం అచ్చు పోసిన ఇమిటేషన్ నగలు, బయట ఊళ్ల నుంచి బస్తాల్లో దిగిన సరుకు, ఏది తీసుకున్నా వంద రూపాయలు. వాళ్ల వ్యాపారం వాళ్లది, తప్పు పట్టను. కానీ చేతిపని స్టాల్ పక్కనే అది పెడితే ఇద్దరికీ కుదరదు.

"ఏటమ్మా, చెక్కకి అయిదు వందల ఇరవయ్యా? అక్కడ వందకే ఇస్తున్నారు కదా" అని ఒక పెద్దావిడ నిలదీశారు. నేను వాదించలేదు. ఆ బుట్టల్లో ఒకటి ఆవిడ అరచేతిలో పెట్టి, "పట్టుకుని చూడండి అమ్మా" అన్నాను. అంత పెద్ద జుంకా అంత తేలిగ్గా ఉంటుందని ఎవరూ అనుకోరు, అంకుడు కర్ర మహా తేలిక. చెవి సాగిపోయి పెద్ద కమ్మలు మానేసిన ఆడవాళ్లు మన ఇళ్లల్లో ఎంతమంది ఉన్నారో చూడండి, వాళ్లే నాకు అసలు కస్టమర్లు. ఆవిడ రెండు జతలు తీసుకున్నారు, ఒకటి ఆవిడకి, ఒకటి కోడలికి. రేటు తగ్గించమని మళ్లీ అడగలేదు.

ఇప్పుడు ఎవరెవరు వచ్చారన్నది. ఈ విషయంలో నిర్వాహకులకి పూర్తి మార్కులు. ప్రచారం బాగా చేశారు, సిరిపురం, ఎంవీపీ కాలనీ, పాండురంగాపురం వైపు నుంచి బాగా వచ్చారు. నేవీ కుటుంబాలు కూడా వచ్చాయి. వాళ్లు విశాఖకి బదిలీ మీద వచ్చి మళ్లీ వేరే ఊరు వెళ్లిపోయేవాళ్లు, అందుకే ఇక్కడి గుర్తుగా ఉండేదాన్ని వెతుక్కుంటారు. "ఇది ఎక్కడిది, ఎలా చేస్తారు" అని అడిగేది వాళ్లే ఎక్కువ. టేబుల్ మీద ఇంకా చెక్కకుండా ఉన్న అంకుడు ముక్క, సగం లక్క పట్టించిన ముక్క, పూర్తయిన పూస వరసగా పెట్టాను. ఆ మూడూ చూపిస్తే నేను హిందీలో తడుముకోకుండానే విషయం అర్థమైపోయింది.

గిరాకీ అంతా రెండో రోజు సాయంత్రమే. మొదటి రోజు పొద్దున్న హాలు దాదాపు ఖాళీ, చాలామంది స్టాళ్లవాళ్లు టిఫిన్లకి పోయారు, ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. కానీ బొటిక్‌లవాళ్లు, గిఫ్ట్ షాపులవాళ్లు వచ్చేది సరిగ్గా ఆ వేళకే. వాళ్లని గుర్తుపట్టడం తేలిక. నగని చెవి దగ్గర పెట్టుకుని అద్దంలో చూసుకోరు, వెనక్కి తిప్పి చూస్తారు. కొక్కెం ఏం లోహం, రింగు నోరు పూర్తిగా మూసుకుందా లేదా, జతలో రెండు బుట్టలూ ఒకే సైజా, ఇవి చూస్తారు. తర్వాత కార్డు అడుగుతారు, "నెలకి ఎన్ని ఇవ్వగలరు" అంటారు. ద్వారకానగర్‌లో బొటిక్ నడిపే ఒక మేడం అలా పది నిమిషాలు చూసి, ఏమీ కొనకుండా వెళ్లి, తర్వాతి వారం ఫోన్ చేసి నలభై జతలు అడిగారు. నాలుగున్నర మార్కులు ఇచ్చింది ఇందుకే. అద్దెలో నా లెక్క ప్రకారం ఎక్కువ భాగం ఆ పొద్దుటి రెండు గంటలకే కట్టినట్టు.

అంకెల్లో చెప్తా. ఒక జత పెద్ద బుట్టలకి పూసలు, తీగ, కొక్కేలు, కార్డు, డబ్బా కలిపి తొంభై రూపాయలు, నా గంట పనికి వంద, మొత్తం 190. స్టాల్లో 520కి అమ్మితే మిగిలేది 330. అద్దె, లైట్లు కలిపి 9,800 రాబట్టాలంటే దాదాపు ముప్ఫై జతలు అమ్మాలి, ఆటో, భోజనం ఇంకా లెక్కలోకి రానేలేదు. అదే షాపుకి 260కి ఇస్తే జతకి మిగిలేది డెబ్భై. చూడ్డానికి చాలా తక్కువ. కానీ నెలకి నలభై జతలు తీసుకునే షాపు ఒక్కటి దొరికితే నెలకి 2,800, నాలుగు నెలల్లో అద్దె మొత్తం తిరిగొచ్చేసి ఇంకా మిగులుతుంది. నా కూలి ఆ 190లో ముందే ఉంది, అది వేరే. నా పని గంటకి వెల కట్టకుండా "ఇంట్లో కూర్చుని చేసేదే కదా" అనుకుంటే ఈ లెక్కే కుదరదు, హోల్‌సేల్ ఇచ్చిన ప్రతిసారీ చేతి నుంచి పడుతుంది.

స్టాల్లో రేటూ షాపులో రేటూ ఒకటే ఉండాలి. ఇది గట్టిగా చెప్తున్నా. షాపు 260కి కొని 520కి అమ్ముతుంది. మనం షోలో "పండగ ఆఫర్" అని 350కి ఇచ్చేస్తే ఆ షాపుకి వచ్చిన కస్టమరే మొహం మీద అడుగుతారు, ఆ మేడం మళ్లీ మన ఫోన్ ఎత్తరు. రెండో రోజు సాయంత్రం పక్క స్టాళ్లన్నీ రేట్లు దించేస్తుంటే చేతులు దురద పెడతాయి, నిజమే. తగ్గించాల్సి వస్తే పాత డిజైన్లు, ఏ షాపుకీ ఇవ్వనివి విడిగా ఒక పళ్లెంలో పెట్టి అమ్మండి, షాపుల్లో ఉన్న డిజైన్ల జోలికి మాత్రం వెళ్లొద్దు.

"పెట్టి వెళ్లండి, అమ్ముడైతే ఇస్తాం" అనే షాపులు కూడా తగులుతాయి. కొత్తలో ఒకటి రెండు చోట్ల ఇవ్వడంలో తప్పు లేదు, కానీ జాబితా రాసి సంతకం పెట్టించుకోండి, నెలకోసారి వెళ్లి లెక్క చూసుకోండి. మన విశాఖలో ఇంకో సంగతి ఉంది. సముద్రపు గాలికి ఇత్తడి, రాగి భాగాలు తొందరగా నల్లబడతాయి, చిలుం పడుతుంది. షాపు కిటికీలో తెరిచి పెట్టిన జత కొన్ని నెలలకి కొక్కేల దగ్గర పచ్చగా మారి మన దగ్గరికే తిరిగొస్తుంది. నేను ఇప్పుడు చెవికి తగిలే భాగం స్టెయిన్‌లెస్ స్టీల్‌దే వాడుతున్నా, నికెల్ పడక చెవి పుండుపడేవాళ్లకి కూడా నష్టం తక్కువ. ప్రతి జతా జిప్ కవర్లో, లోపల తేమ పీల్చే చిన్న సిలికా జెల్ పొట్లంతో పంపిస్తా. షాపు వాళ్లకి ఒక చీటీ కూడా ఇస్తా. లక్క ఆల్కహాల్‌కి కరుగుతుంది, అందుకని సెంటు, శానిటైజర్ తగలనివ్వొద్దు. మే నెల ఎండలో తలుపులు మూసిన కారులో వదిలేస్తే మెత్తబడుతుంది. సహజ రంగులు కాబట్టి ఒక విడతకీ ఇంకో విడతకీ కాస్త తేడా వస్తుంది. ఇవి ముందే చెప్తే తర్వాత గొడవ ఉండదు, పైగా చెప్పినందుకు నమ్మకం కూడా పెరుగుతుంది.

డబ్బులు ఎప్పుడిస్తారన్నది అసలు టెన్షన్. ఇక్కడ ఒక చట్టం మన వైపు ఉంది, చాలామందికి తెలీదు. తయారీదారుగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు, చేయించుకోండి, ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం, ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా, అదీ ఎంత ఎక్కువైనా 45 రోజుల్లోగా చెల్లించాలి, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోగా. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ 1 నుంచి ఇంకోటి కూడా వచ్చింది, గడువు దాటి బాకీ పెట్టిన మొత్తాన్ని కొన్నవాళ్లు ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపించుకోవాలంటే చెల్లించిన ఏడాది దాకా ఆగాలి. అందుకని షాపు ఆడిటరే "ఆ బిల్లు కట్టేయండి" అంటాడు. నేను బిల్లు మీద ఉద్యమ్ నంబరు, "చెల్లింపు గడువు 30 రోజులు" అని అచ్చు వేయించా. ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు, అది కనిపిస్తే చాలు.

జీఎస్టీ గురించి స్టాల్‌వాళ్లందరూ అడుగుతారు. మన రాష్ట్రంలో సరుకు మాత్రమే అమ్మేవాళ్లకి ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇమిటేషన్ నగల మీద పన్ను 3 శాతం. వేరే రాష్ట్రంలో షోకి వెళ్లేటప్పుడు నిబంధనలు వేరు, హస్తకళల వస్తువులకి కొన్ని సడలింపులు ఉన్నాయి, వెళ్లే ముందు ఆడిటర్‌తో ఒక్క మాట మాట్లాడుకోండి.

మిగతా చోట్లతో పోలిస్తే ఈ హోటల్ షో ఎక్కడ నిలుస్తుంది? డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్లకి సరస్ మేళాలు, అంటే మహిళా సంఘాల సరుకు అమ్మే ప్రభుత్వ మేళాలు, ఉన్నాయి, జనం విపరీతంగా వస్తారు, ఖర్చు తక్కువ, కానీ దుమ్ము, ఎండ, రోజులు ఎక్కువ, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే కష్టం. చేతివృత్తుల వాళ్లకి కేంద్ర జౌళి శాఖ ఇచ్చే పెహచాన్ గుర్తింపు కార్డు ఉంటే ప్రభుత్వ హస్తకళల మేళాల్లో స్టాల్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు, అది తీసుకోనివాళ్లు తప్పకుండా తీసుకోండి. రైల్వే స్టేషన్‌లో "ఒక స్టేషన్ ఒక ఉత్పత్తి" స్టాల్ మన విశాఖలో ఏటికొప్పాక బొమ్మలతోనే మొదలైంది. అక్కడ చిన్న ధర వస్తువులే పోతాయి, రైలు ఎక్కే తొందరలో ఎవరూ అయిదు వందల జుంకాలు చెవికి పెట్టి చూసుకోరు. మధురవాడ శిల్పారామంలో టూరిస్టులు, కుటుంబాలు, సెలవు రోజుల్లో బాగుంటుంది. అపార్ట్‌మెంట్లలో పెట్టే చిన్న స్టాళ్లు నాకు చాలా ఇష్టం. అద్దె నామమాత్రం, వచ్చేవాళ్లు మళ్లీ మళ్లీ కొంటారు, వాళ్లే కావాల్సిన రంగులు చెప్పి చేయించుకుంటారు. కానీ ఈ చోట్లలో ఎక్కడా నాకు షాపు కొనుగోలుదారు తగల్లేదు. హోటల్ హాలుకి వచ్చింది అందుకే, మళ్లీ వెళ్లేది కూడా అందుకే.

ఆర్డర్ వచ్చిన సంతోషంలో ఎన్నైనా ఇస్తామనొద్దు. ఏటికొప్పాకలో వానాకాలం కర్ర ఆరడానికి టైమ్ పడుతుంది, పూసలు చేసే కళాకారులకి బొమ్మల పని కూడా ఉంటుంది, పండగ ముందు వాళ్లని తొందరపెడితే లక్క పూత పలచన అయిపోతుంది. ద్వారకానగర్ మేడం శ్రావణ శుక్రవారాలకి ఇంకో వంద జతలు అడిగినప్పుడు, నలభై అప్పుడు, మిగతావి దసరా ముందు అని చెప్పా. ఆవిడ ఒప్పుకున్నారు. షాపులవాళ్లకి ఎక్కువ సరుకు కన్నా చెప్పిన తేదీకి రావడమే కావాలి.

నిర్వాహకులకి నా తరఫున మూడు మాటలు. నగల స్టాళ్లు ఎన్ని అని చెప్పారో అన్నే పెట్టండి. చేతిపని వాళ్లకి విడిగా ఒక వరస ఇచ్చి, గుమ్మంలోనే ఆ సంగతి బోర్డు మీద రాయండి. మొదటి రోజు పొద్దున్న రెండు గంటలు షాపుల కొనుగోలుదారులకి మాత్రమే అని పెట్టి, ఊళ్లోని బొటిక్‌లకి, గిఫ్ట్ షాపులకి పిలుపులు పంపండి. ఆ ఒక్క పని చేస్తే ఇంకో వెయ్యి ఎక్కువ అద్దె అడిగినా నాలాంటివాళ్లు సంతోషంగా కడతారు.

దసరా షోకి మళ్లీ అడ్వాన్సు కట్టాను. ఈసారి గుమ్మం పక్క మూల స్టాల్, లైట్లతో కలిపి ఎంతో రాతలో తీసుకున్నాకే.